లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తీసుకోదు: పాత ట్రాక్టరులో కరెంటు ఎక్కడ పోతోంది?

పదిహేను, ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ట్రాక్టరు తాళం తిప్పితే పలకకపోతే మొదట వినిపించే మాట ఒకటే: బ్యాటరీ పోయింది. కొత్త బ్యాటరీ తెస్తారు. కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ మొరాయిస్తుంది. ఈసారి ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు పోయిందంటారు. దాన్ని విప్పి, వైండింగ్ చేయించి బిగిస్తారు. అసలు లోపమేమో బ్యాటరీని బండి బాడీకి కలిపే ఎర్త్ తీగ చివర, పెయింటుకూ తుప్పుకూ మధ్య అలాగే ఉండిపోతుంది. వేల రూపాయలు ఖర్చయ్యాక ఎవరో ఆ బోల్టు విప్పి గీకి బిగిస్తే సమస్య తీరిపోతుంది. ఈ ఖర్చులో ఎక్కువ భాగం కొలవకుండా తీర్పు చెప్పడం వల్ల వచ్చేదే. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటరు చేతిలో ఉండి, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఏ క్షణంలో చూడాలో తెలిస్తే చాలు. అరగంటలో లోపం ఏ వైపు ఉందో తేలుతుంది.

ముందుగా ఒక విభజన చేసుకోవాలి. పాత డీజిల్ ఇంజనుకు కరెంటుతో పెద్దగా పని లేదు. పెట్రోల్ ఇంజనులా స్పార్కు ప్లగ్గులు ఉండవు, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. కరెంటు చేయాల్సిందల్లా ఇంజనును ఒకసారి తిప్పి వదలడమే. అందుకే దిగి తోసో, ఏటవాలులో వదిలో స్టార్ట్ చేయగలుగుతున్నాం. తాళం తిప్పినప్పుడు ఇంజను జోరుగా తిరుగుతూ కూడా అందుకోవడం లేదంటే చాలా పాత ట్రాక్టర్లలో అది డీజిల్ సమస్య. ఫిల్టరు, పైపుల్లో గాలి, లోపలికి పూర్తిగా వెళ్లని స్టాప్ కేబుల్ (ఇంజను ఆపడానికి లాగేది) చూడాలి. ఇంజను తిరగనే తిరగకపోయినా, నీరసంగా తిరిగినా అది ఈ వ్యాసం విషయం.

రెండు మినహాయింపులున్నాయి. కొన్నింటిలో డీజిల్ పంపు మీద కరెంటుతో పనిచేసే స్టాప్ సొలెనాయిడ్ ఉంటుంది. దానికి కరెంటు అందకపోతే ఇంజను ఎంత తిరిగినా డీజిల్ రాదు. తాళం ఆన్ చేసినప్పుడు అక్కడ టక్ మని చిన్న శబ్దం వినబడాలి. ఇక తోటల్లో వాడే చిన్న ట్రాక్టర్లు కొన్నింటిలో హీటర్ ప్లగ్గులు ఉంటాయి. అవి పనిచేయకపోతే చలికాలం ఉదయాన ఇంజను తిరుగుతుంది, తెల్లటి పొగ వస్తుంది కానీ అందుకోదు.

లైట్లు వెలిగితే బ్యాటరీ బాగున్నట్టేనా?

కాదు. అతుకులు బాగున్నట్టు కూడా కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు, కాబట్టి లెక్క కట్టి చూద్దాం.

ఒక హెడ్‌లైటు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. సెల్ఫ్ మోటారు ఇంజనును తిప్పేటప్పుడు ఇంజను సైజును బట్టి 200 నుంచి 400 ఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు బ్యాటరీ క్లాంపు దగ్గర చిలుము పట్టి, ఒక ఓములో నూరో వంతు నిరోధం ఏర్పడిందనుకోండి. హెడ్‌లైటు వేస్తే ఆ అతుకులో పోయేది 0.05 వోల్టు. కంటికి తేడా తెలియదు. అదే అతుకు గుండా 300 ఆంపియర్లు వెళ్లాలంటే 3 వోల్టులు అక్కడే పోతాయి. అంటే 900 వాట్లు ఆ అతుకులో వేడిగా మారాలి. మోటారుకు చేరే 7 వోల్టులో, అంతకన్నా తక్కువో మూడు సిలిండర్ల కంప్రెషన్‌ను దాటలేవు.

మల్టీమీటరుతో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. ఏదీ ఆన్ చేయకుండా బ్యాటరీ మీద పెడితే 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ టెర్మినల్ దగ్గరా 12.6 చూపిస్తుంది. కరెంటు పారనప్పుడు చెడ్డ అతుకులోనూ వోల్టేజి పోదు. కాబట్టి ఒకరు సీటు మీద కూర్చుని తాళం తిప్పుతుండగా, ఆ రెండు మూడు సెకన్లలో మరొకరు మీటరు చూడాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేటట్టయితే అది ఇదే.

చేయి పెట్టేముందు

గేరు న్యూట్రల్‌లో, హై-లో లివరు ఉంటే అదీ న్యూట్రల్‌లో, పీటీవో (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆఫ్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పరీక్ష జరుగుతున్నంతసేపూ స్టాప్ కేబుల్ బయటికి లాగి ఉంచండి, అప్పుడు ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు.

నేల మీద నిలబడి సెల్ఫ్ టెర్మినళ్లను స్క్రూడ్రైవరుతో కలిపి స్టార్ట్ చేసే అలవాటు మన ఊళ్లలో విపరీతంగా ఉంది. అది చేసేవాళ్లు సరిగ్గా వెనక చక్రం ముందు నిలబడతారు. ఆ పద్ధతిలో సేఫ్టీ స్విచ్చులేవీ అడ్డుపడవు. ట్రాక్టరు గేరులో ఉండిపోయి ఉంటే ఇంజను అందుకున్న మరుక్షణం బండి మనిషి మీదికి ఎక్కుతుంది. ఇలా ప్రాణాలు పోయాయి, పోతూనే ఉన్నాయి. పరీక్ష కోసం కూడా ఆ పని చేయొద్దు. దాని అవసరం లేకుండానే లోపం దొరుకుతుంది.

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది, యాసిడ్ మొహాన పడుతుంది. తీగలు విప్పేటప్పుడు ముందు ఎర్త్ తీగ, బిగించేటప్పుడు చివర ఎర్త్ తీగ. ఎందుకంటే ఎర్త్ విప్పేశాక పాజిటివ్ నట్టు మీద ఉన్న పానా పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు. ముందు పాజిటివ్ విప్పబోతే అదే పానా వెల్డింగ్ రాడ్డు అవుతుంది. మరీ పాత ఫెర్గూసన్ టీఈ-20 లాంటి బ్రిటిష్ బండ్లలో బాడీకి పాజిటివ్ కలిపి ఉండేది. అలాంటివి చేతికొస్తే ఏది ఎర్త్ అన్నది చూసుకున్నాకే బ్యాటరీ పెట్టాలి.

ముందు చెవితో, తర్వాత మీటరుతో

హెడ్‌లైట్లు వేసి ఉంచి తాళం తిప్పండి. లైట్లలో వచ్చే మార్పు, వినబడే శబ్దం, ఈ రెండూ కలిపి గమనిస్తే లోపం సగం తెలిసిపోతుంది.

లైట్లు పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వెలిగితే బ్యాటరీ అతుకుల్లో ఒకటి చెడింది, లేదా బ్యాటరీ దాదాపు ఖాళీ. చాలా ట్రాక్టర్లలో స్విచ్చుకూ లైట్లకూ వెళ్లే తీగ కూడా సెల్ఫ్ మీది లావు స్టడ్డు (తీగ బిగించే మర బోల్టు) నుంచే మొదలవుతుంది. అందుకే ఆ దారిలో ఒక్క అతుకు వదులైనా బండి మొత్తం చచ్చినట్టు పడిపోతుంది.

లైట్లు ఏమాత్రం తగ్గకుండా, శబ్దమూ రాకపోతే సెల్ఫ్ దాకా ఆదేశమే వెళ్లడం లేదు. తాళం స్విచ్చు, క్లచ్ పెడల్ కింది సేఫ్టీ స్విచ్చు, ఫ్యూజు, సన్న తీగ చూడాలి. లైట్లు తగ్గకుండా ఒక్క 'టక్' మాత్రం వినబడి ఆగితే సెల్ఫ్ మీది సొలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) కదులుతోంది కానీ దాని లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి కరెంటు దాటడం లేదు, లేదా మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగాయి. లైట్లు బాగా మసకబారి, టక్ మని ఇంజను బిగుసుకున్నట్టు ఉంటే మోటారు పూర్తి కరెంటు లాగుతోంది గానీ తిప్పలేకపోతోంది. అప్పుడు ముందు క్రాంక్ పుల్లీని పానాతో తిప్పి చూడండి. సిలిండర్లోకి నీళ్లు దిగి ఇంజనే బిగుసుకుని ఉంటే తప్పు సెల్ఫ్‌ది కాదు.

వరసగా 'టకటకటక' అని కొట్టుకుంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీయో, అతుకో. ఎందుకలా కొట్టుకుంటుందో తెలిస్తే మిగతా మినహాయింపు కూడా తెలుస్తుంది. సొలెనాయిడ్‌లో రెండు చుట్లుంటాయి. ఒకటి ప్లంజర్‌ను (లోపలి కదిలే ఇనుప కడ్డీని) బలంగా లాగేది, రెండోది లాగాక పట్టి ఉంచేది. ప్లంజర్ లోపలికి వెళ్లి కాంటాక్టులు కలవగానే మోటారు భారీగా కరెంటు లాగుతుంది. బ్యాటరీలో బలం లేకపోతే వోల్టేజి కూలి, పట్టి ఉంచే చుట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే జరుగుతుంది. బ్యాటరీ, అతుకులు అన్నీ బాగున్నాయని మీటరు చెప్పాక కూడా ఇలాగే కొట్టుకుంటుంటే ఆ పట్టి ఉంచే చుట్టే తెగి ఉంటుంది. సొలెనాయిడ్ మార్చడమే దారి.

మోటారు 'జుయ్' మని ఖాళీగా తిరిగి ఇంజను కదలకపోతే లోపం కరెంటుది కాదు, మోటారును ఇంజనుకు కలిపే పినియన్ క్లచ్ జారుతోంది. ఒక్కోసారి తీసుకుని, ఒక్కోసారి పళ్లు గీసుకున్న శబ్దం వస్తే ఆ పినియన్ పట్టుకునే ఫ్లైవీల్ రింగు పళ్లు అరిగాయి. ఇంజను ఆగేటప్పుడు కంప్రెషన్ వల్ల దాదాపు అవే చోట్ల ఆగుతుంది కాబట్టి ఆ చోట్లలోని పళ్లే అరుగుతాయి. పుల్లీని చేత్తో కొంచెం తిప్పాక సెల్ఫ్ తీసుకుంటే ఇదే అనుకోవచ్చు.

నాలుగు కొలతలు

మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. సెల్ఫ్‌ను ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. మోటారు చల్లబడటానికి అంత సమయం కావాలి.

మొదటిది బ్యాటరీ. మీటరు ముల్లులు క్లాంపుల మీద కాదు, బ్యాటరీ సీసపు కొమ్ముల మీద గుచ్చాలి. నిలకడగా ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 అంటే ఖాళీ. 10.5 దగ్గర ఆగిందంటే ఒక సెల్ చచ్చిపోయింది. ఇప్పుడు తాళం తిప్పండి. 9.6కు పైన నిలబడితే బ్యాటరీని నమ్మొచ్చు. నిండుగా ఉండి కూడా 8కో 7కో పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా మోటారు మామూలు కన్నా ఎక్కువ లాగుతోంది.

రెండోది పాజిటివ్ దారి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ కొమ్ము మీద, నల్ల ముల్లు సొలెనాయిడ్ దాటాక మోటారులోకి వెళ్లే స్టడ్డు మీద. తాళం తిప్పకముందు ఇక్కడ 12 వోల్టులు చూపిస్తుంది, కంగారు పడొద్దు. కాంటాక్టులు తెరిచి ఉన్నప్పుడు అది సహజం. తాళం తిప్పగానే 0.5 లోపలికి దిగాలి. ఒకటో రెండో చూపిస్తే ఆ వోల్టులు దారిలో పోతున్నాయి. ఎక్కడన్నది ముక్కలుగా వెతకాలి: కొమ్ముకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ కేబుల్ చివరి లగ్గుకూ (బోల్టుకు తొడిగే రింగుకూ) మధ్య, సొలెనాయిడ్ రెండు లావు స్టడ్డుల మధ్య. ఒక్కో చోట 0.1కి, సొలెనాయిడ్ దగ్గర 0.3కి మించకూడదు.

మూడోది ఎర్త్ దారి. నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, ఎర్ర ముల్లు సెల్ఫ్ మోటారు ఒంటి మీద, పెయింటు లేని చోట. తాళం తిప్పినప్పుడు 0.3 లోపు ఉండాలి. పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. రంగు వేయించినప్పుడు ఎర్త్ బోల్టు కింద కూడా రంగు పడుతుంది. దమ్ములో దిగిన బండికి బురదనీళ్లు జడలా అల్లిన ఎర్త్ పట్టీలోకి చేరి, పైకి బాగున్నట్టే కనబడుతూ లోపల పోగులు పచ్చబడి తెగిపోతాయి.

ఈ పరీక్షకు ఒక అడ్డదారి ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ కొమ్ము నుంచి సెల్ఫ్ మోటారు బిగింపు బోల్టుకు నేరుగా తగిలించి తాళం తిప్పండి. ఇంజను చురుగ్గా తిరిగితే లోపం ఎర్త్‌లోనే.

నాలుగోది ఆదేశం. నల్ల ముల్లు ఎర్త్‌కు, ఎర్ర ముల్లు సొలెనాయిడ్ మీది చిన్న టెర్మినల్‌కు. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ చూపే వోల్టేజికి ఒక వోల్టు కన్నా తక్కువ తేడాలో ఉండాలి. 11 ఉండి కూడా టక్ మనకపోతే సొలెనాయిడ్ చుట్టు పోయింది, లేదా మోటారు బ్రష్షులు కమ్యుటేటరును (అవి రాసుకునే రాగి పట్టీల వలయాన్ని) తాకడం లేదు. లాగే చుట్టుకు ఎర్త్ దొరికేది మోటారు లోపలి నుంచే కాబట్టి బ్రష్షులు అరిగినా సొలెనాయిడ్ మూగబోతుంది. చిన్న టెర్మినల్ దగ్గర సున్నా ఉంటే వెనక్కి రావాలి: సేఫ్టీ స్విచ్చు రెండు వైపులా, తర్వాత తాళం స్విచ్చు స్టార్ట్ టెర్మినల్, తర్వాత స్విచ్చులోకి వచ్చే తీగ. కరెంటు ఎక్కడిదాకా ఉండి ఎక్కడ ఆగిందో అక్కడే లోపం. షెడ్డులో వడ్లు, పత్తి గింజలు నిలవ ఉంటే ఎలుకలు తీగల పైతొడుగు కొరికిన చోట్లు కూడా చూడండి.

దొరికాక ఏం చేయాలి

అతుకులకు మందు శుభ్రం, బిగింపు. ఒక లీటరు నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి, బ్యాటరీ మూతలు గట్టిగా బిగించి, చిలుము మీద పోసి బ్రష్షుతో రుద్ది మంచినీళ్లతో కడగాలి. ఆ సోడా నీళ్లు సెల్‌లోకి పోతే బ్యాటరీ పాడవుతుంది, అందుకే మూతల జాగ్రత్త. కొమ్మునూ క్లాంపు లోపలి వైపునూ లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో గీకి, బిగించాక పైన వాజిలిన్ పూయాలి. క్లాంపు వదులైతే సందులో మేకు దూర్చడం, సీసపు రేకు చుట్టడం చూస్తుంటాం. 300 ఆంపియర్లు ఆ మేకు అంచు మీదుగా వెళ్లలేవు. కొత్త క్లాంపు వంద రెండొందలకు వస్తుంది.

కేబుల్ కూడా చూడండి. నలభై హార్స్‌పవర్ ట్రాక్టరుకు 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరు పొడవున 300 ఆంపియర్లకు పోగొట్టేది 0.1 వోల్టు. ఎవరో మధ్యలో 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి ఉంటే అదే మీటరుకు 0.3 దాటుతుంది. లగ్గులు సుత్తితో కొట్టి నొక్కినవి కాకుండా క్రింపింగ్ మిషనుతో నొక్కించినవి వేయించండి. ఎర్త్‌కు బ్యాటరీ నుంచి బాడీకి ఉన్న తీగతో పాటు సెల్ఫ్ మోటారు బిగింపు బోల్టుకు రెండో తీగ అదనంగా లాగిస్తే ఈ బాధ మళ్లీ రాదు. దాని కింద రంగు గీకి పళ్ల వాషరు వేయాలి.

ఆదేశం దారి బలహీనపడితే, అంటే చిన్న టెర్మినల్ దగ్గర 9కో 8కో వస్తే, స్విచ్చులు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం కన్నా రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వేయడం మేలు. సొలెనాయిడ్ లాగే క్షణంలో 30, 40 ఆంపియర్లు తీసుకుంటుంది. అంత కరెంటు ఇరవై ఏళ్ల తాళం స్విచ్చు గుండా, సన్నటి తీగలో రెండు మూడు మీటర్లు తిరిగి రావాలి. రిలే వేస్తే స్విచ్చు మోసేది పావు ఆంపియరు కూడా ఉండదు. రిలే 30 నంబరుకు సెల్ఫ్ లావు స్టడ్డు నుంచి ఫ్యూజుతో తీగ, 87 నుంచి సొలెనాయిడ్ చిన్న టెర్మినల్‌కు తీగ, ఈ రెండూ 4 చదరపు మిల్లీమీటర్లవి. 86కు పాత స్టార్ట్ తీగ, 85కు ఎర్త్. చిన్న ట్రాక్టరుకు 40 ఆంపియర్ల రిలే సరిపోతుంది, పెద్ద సెల్ఫ్‌కు 70ది తీసుకోండి. సేఫ్టీ స్విచ్చు ఆ పాత తీగలోనే ఉంటుంది కాబట్టి అది యథాతథంగా కాపాడుతుంది. ఆ స్విచ్చు చెడితే రెండు తీగలు మెలేసి వదిలేయొద్దు, కొత్తది వేయించండి.

సొలెనాయిడ్ విప్పడానికి వీలైనదైతే లోపలి రాగి బోల్టుల తలలు ఒక పక్కే కాలి ఉంటాయి. వాటిని సగం చుట్టు తిప్పి, మధ్యలోని రాగి బిళ్లను తిరగేసి బిగిస్తే కొత్త ముఖాలు తగులుతాయి. మోటారు విప్పితే బ్రష్షులు కొత్తవాటిలో సగానికి అరిగితే మార్చాలి, స్ప్రింగు బలం కూడా చూడాలి. కమ్యుటేటరును సన్నటి గాజు కాగితంతో రుద్దాలి. ఎమరీ పొడి కరెంటును పోనిస్తుంది, పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్టు చేస్తుంది. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) మీద గీసుకుపోయిన మెరుపు గుర్తులుంటే దాన్ని మోసే బుష్షులు అరిగి అది చుట్టూ ఉన్న కదలని పోలు ముక్కలకు రాసుకుంటోంది. నిండు బ్యాటరీని 8 వోల్టులకు కూలదోసే మోటారులో ముందు చూడాల్సింది ఇదే. బుష్షులు మారిస్తే పోయేదానికి వైండింగ్ చేయిస్తుంటారు, అది అనవసరపు ఖర్చు.

బ్యాటరీ మళ్లీ మళ్లీ దిగిపోతుంటే

నీళ్లు పలకల మీద సుమారు సెంటీమీటరు ఎత్తున ఉండాలి. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు అది కాదు, యాసిడ్ అసలే పోయకూడదు. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే ఒక సెల్‌కూ మరో సెల్‌కూ 0.050 తేడా ఉంటే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి. బయట ఛార్జి చేయిస్తే దాని ఆంపియర్-అవర్లలో పదో వంతు కరెంటు పెట్టమనండి, 88 ఆంపియర్-అవర్ల దానికి 8 లేదా 9 ఆంపియర్లు. రెండు గంటల్లో ఎక్కించే షాపు ఛార్జింగ్ పలకలను వంచేస్తుంది.

ఆగి ఉన్న బండి నుంచి కరెంటు కారుతోందేమో చూడాలంటే అన్నీ ఆఫ్ చేసి, ఎర్త్ క్లాంపు విప్పి, మీటరును 10 ఆంపియర్ల డీసీలో పెట్టి కొమ్ముకూ క్లాంపుకూ మధ్య తగిలించండి. తాళం మాత్రం తిప్పొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. 0.05 ఆంపియరు లోపు ఉంటే పర్వాలేదు. అర ఆంపియరు ఉంటే 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీ వారంలో ఖాళీ. పాటల కోసం నేరుగా బ్యాటరీకి కలిపిన స్టీరియో, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరులోని డయోడు, ట్రక్కు లైట్ల తీగ ఎక్కువగా దొరికే దొంగలు. ఒక్కో తీగ విప్పుతూ మీటరు చూస్తే ఎక్కడ సున్నాకు పడుతుందో అదే.

చివరగా ఛార్జింగ్. ఇంజను మధ్యస్థంగా తిరుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 ఉండాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు చెడి బ్యాటరీ నీళ్లు మరిగిస్తోంది. 12.5 దగ్గరే ఉండిపోతే ముందు ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కండి, సెంటీమీటరుకు మించి వంగితే బిగించాలి. తర్వాత డాష్‌బోర్డు మీది బ్యాటరీ గుర్తు దీపం చూడండి. తాళం ఆన్ చేస్తే అది వెలగాలి, ఇంజను అందుకున్నాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు మాడి ఉండొచ్చు. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి ఊపు ఇచ్చేది ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే. అది లేకపోతే ఆల్టర్నేటరు ఎంత మంచిదైనా ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. పది రూపాయల బల్బు మార్చి చూశాకే ఆల్టర్నేటరు విప్పండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ఛార్జింగ్ పరీక్షించే పాత పద్ధతి డైనమోల కాలంలో చెల్లింది. ఆల్టర్నేటరు బండిలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లూ, రెగ్యులేటరూ మాడిపోతాయి.